స్క్రూ తనంతట తాను తిరగదు

తొలకరి పడి కొన్నాళ్లు గడిచేసరికి మామిడి తోటల్లో, ఆయిల్‌పామ్ తోటల్లో చెట్ల మధ్య గడ్డి మోకాలెత్తు లేస్తుంది. వేసవంతా కొట్టంలో మూలన పడివున్న గడ్డి మిషన్ అప్పుడు బయటికొస్తుంది. తాడు లాగితే స్టార్టవుతుంది, సన్నగా తిరుగుతూనే ఉంటుంది. రేజు ఇవ్వగానే ఒక్క మూలుగు మూలిగి ఆగిపోతుంది. చోక్ సగం వేసి ఉంచితే మాత్రం ఎలాగో నడుస్తుంది. అది చూసి పక్కనున్నవాళ్లు చెప్పే మాట ఒకటే: "కార్బొరేటర్ ట్యూనింగ్ పోయింది, స్క్రూ కొంచెం తిప్పు."

ఆ స్క్రూ మెడలో ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది. ఇంజిన్ ఎంత అదిరినా స్క్రూ కదలకుండా పట్టుకోవడమే దాని పని. నిరుడు దసరాకి చక్కగా గడ్డి కోసిన మిషన్ ఈ ఏడాది మొరాయిస్తోందంటే మధ్యలో పెట్రోలు మారి ఉండాలి, రబ్బరు మారి ఉండాలి, లేదా గాలి వచ్చే దారి మారి ఉండాలి. ఆ మార్పేమిటో కనిపెట్టకుండా స్క్రూ తిప్పినా ఇంజిన్ ఒక్కోసారి నడుస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. నడుస్తోంది కదా అని వదిలేస్తే, ఎండలో ఒత్తుగా ఉన్న గడ్డి కోస్తున్న రోజున పిస్టన్ పట్టేస్తుంది. స్క్రూ తిప్పడం ఎలాగో చెప్పే ముందు, అది లోపల దేన్ని శాసిస్తోందో చూడాలి.

తోటల్లో తరచుగా కనిపించే 43 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్‌నే తీసుకుందాం. నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతోందంటే సెకనుకు 120 పేలుళ్లు. ఒక్కో పేలుడుకు సిలిండర్‌లోకి చేరే తాజా గాలి పాతిక సీసీ అనుకుంటే దాని బరువు సుమారు 30 మిల్లీగ్రాములు. దానికి కావలసిన పెట్రోలు రెండు మిల్లీగ్రాములకు కాస్త పైన. ఒక తుంపర. సెకనుకు 120 సార్లు, ఆ రెండు మిల్లీగ్రాములూ రెండున్నర కాకుండా, ఒకటిన్నర కాకుండా అందించాలి. ఇందులో కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. ఉన్నదల్లా నడుమ సన్నబడిన ఒక గొట్టం, రెండు మూడు చిల్లులు, ఆ చిల్లుల్లోకి మొన దూర్చిన స్క్రూలు.

గొట్టం సన్నబడిన చోట గాలి వేగం పెరుగుతుంది; వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. ఈ సంగతి డేనియల్ బెర్నూలీ 1738లో అచ్చువేసిన గ్రంథంలోనే ఉంది. అలాంటి నొక్కుల గుండా ద్రవాలు ఎలా పారతాయో ఇటలీ శాస్త్రవేత్త జొవానీ బత్తీస్తా వెంచురీ 1797లో రాశాడు. అందుకే ఆ సన్నని భాగానికి నేటికీ వెంచురీ అనే పేరు. తొలి పెట్రోలు ఇంజిన్లలో గాలిని పెట్రోలు మీదుగా పోనిచ్చి ఆవిరిని పట్టేవారు. వేడికీ చలికీ ఆ ఆవిరి పాళ్లు మారిపోయేవి. 1890ల మొదట్లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగరీలో దోనాత్ బాంకీ, యానోష్ చోంకా పెట్రోలును సన్నని ముక్కు గుండా గాలిలోకి చిమ్మే పద్ధతి పట్టుకున్నారు. గడ్డి మిషన్ మీద అగ్గిపెట్టెంత ఉండే కార్బొరేటర్‌లో ఈనాటికీ జరిగేది అదే.

స్క్రూ మొన పెట్రోలు దారిలో ఉంటుంది. కుడివైపు తిప్పి బిగిస్తే దారి ఇరుకై పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం పలచనవుతుంది. వదులు చేస్తే చిక్కనవుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాత మోటారు సైకిళ్లలో చాలావాటికి ఉండేది ఎయిర్ స్క్రూ. అది గాలిని ఆపుతుంది కాబట్టి బిగిస్తే మిశ్రమం చిక్కనయ్యేది. ఏళ్ల తరబడి బైకుల మీద పనిచేసిన చెయ్యి అదే అలవాటుతో గడ్డి మిషన్ మీద పడితే, మేలు చేస్తున్నాననుకుంటూ ఇంజిన్‌ను ఎండగడుతుంది.

కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. కిరోసిన్ పంపు స్టవ్ వెలిగించిన ఇళ్లలో ఈ పాళ్ల సంగతి కంటితోనే తెలిసేది: గాలి చాలకపోతే పచ్చటి మంట, గిన్నె అడుగున మసి, సరిపోతే నీలి మంట. అయితే గడ్డి మిషన్ ఇంజిన్‌ను ఆ 14.7 దగ్గర నడపరు. కిలోకు 13 కిలోల గాలికి కాస్త అటూ ఇటూ, అంటే పెట్రోలు కొంచెం ఎక్కువగానే ఇస్తారు. ఎక్కువ బలం వచ్చేది కూడా అక్కడే.

అది వృథా కాదు. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ నిలవుండే తొట్టి ఉండదు. పిస్టన్‌కు, బేరింగ్‌లకు అందే ఆయిలంతా పెట్రోలులో కలిసి వచ్చేదే. పెట్రోలు తగ్గిస్తే ఆయిలూ తగ్గుతుంది. ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు లోపలి వేడిని కొంత తీసుకుపోతుంది. ఆ చల్లదనమూ తగ్గుతుంది. పలచన మిశ్రమంతో నడిచే పిస్టన్‌కు వేడి పెరగడం, జారుడు తగ్గడం రెండూ ఒక్కసారే వచ్చి పడతాయి. 35 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ అదనంగా 100 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం సుమారు 0.07 మిల్లీమీటరు పెరుగుతుంది. తలవెంట్రుక మందం అంతే ఉంటుంది. పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉన్న సందు మొత్తం దాదాపు ఆపాటిదే. సిలిండర్ కూడా వ్యాకోచిస్తుంది గానీ, బయటి రెక్కల మీద ఫ్యాన్ గాలి తగులుతుంది కాబట్టి పిస్టన్ అంత వేడెక్కదు. సందు మూసుకుపోతుంది, లోహం లోహాన్ని గీరుతుంది. పట్టేసిన ఇంజిన్ విప్పితే పిస్టన్ పక్కన నిలువుగా, ఎక్కువగా సైలెన్సర్ వైపు, కనిపించే గీతలు ఇవే.

మిశ్రమం మరీ చిక్కనైతే పొగ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది, బలం తగ్గుతుంది, పెట్రోలు ఖర్చవుతుంది. చిరాకే, కానీ తుడుచుకుంటే పోయేది. పలచనైతే ఇంజినే పోతుంది. పైగా చనిపోయే ముందు అది గొప్ప హుషారుగా, గొంతు పెంచి నడుస్తుంది. "ఇప్పుడు భలే లాగుతోంది" అనిపించే చోట స్క్రూని వదిలేసేవాళ్లు ఇంజిన్లను ఎలా పోగొట్టుకుంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

బైకు కార్బొరేటర్‌లో చిన్న తొట్టి, అందులో తేలే ఫ్లోటు ఉంటాయి. మట్టం పెరిగితే ఫ్లోటు లేచి పెట్రోలును ఆపుతుంది. ఇది గురుత్వాకర్షణను నమ్ముకున్న ఏర్పాటు. 1940లో బ్రిటన్ మీద ఆకాశ యుద్ధం జరుగుతున్నప్పుడు స్పిట్‌ఫైర్ విమానాల మెర్లిన్ ఇంజిన్లు, పైలట్ ముక్కు ఒక్కసారిగా కిందికి దించితే ఉక్కిరిబిక్కిరయ్యేవి. కార్బొరేటర్‌లోని పెట్రోలు పైకి ఎగిరి, మొదట ఇంజిన్‌కు అందేది కాదు, తర్వాత వరదలా వచ్చి పడేది. ఆ వరదను ఆపింది బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజినీరు. లెక్క కట్టి చిల్లు వేసిన చిన్న లోహపు బిళ్లను పెట్రోలు గొట్టంలో అమర్చే ఉపాయం 1941లో ఆమె చూపించింది. ప్రవాహం ఇంజిన్‌కు గరిష్ఠంగా కావలసినంత దగ్గర ఆగిపోయేది. పక్కకు వంచి, పైకెత్తి, గట్ల మీద ఏటవాలుగా తిప్పే గడ్డి మిషన్‌కు ఫ్లోటు అసలే కుదరదు. అందుకే ఇందులో డయాఫ్రమ్ కార్బొరేటర్ పెడతారు.

నాలుగు చిన్న స్క్రూలు తీసి మూత ఎత్తితే రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దదైన నల్లటి రబ్బరు పొర కనిపిస్తుంది, నడుమ లోహపు బొడిపెతో. దాని ఒక పక్క పెట్రోలు, రెండో పక్క మూతలోని సన్న చిల్లు గుండా వచ్చే బయటి గాలి. ఇంజిన్ పెట్రోలు పీల్చుకున్నప్పుడు ఆ పక్క పీడనం తగ్గి, బయటి గాలి పొరను లోపలికి నొక్కుతుంది. పొర ఒక చిన్న మీటను నొక్కుతుంది, మీట సూదిని లేపుతుంది, కొత్త పెట్రోలు వస్తుంది. గది నిండగానే పొర వెనక్కి వస్తుంది, సూది మూసుకుంటుంది. మిషన్ ఏ పక్కకు వంగినా ఈ తూకం చెడదు. రెండో వైపు మూత కింద ఇంకో పొర ఉంటుంది. క్రాంక్‌కేసులో పిస్టన్ కదలికతో పుట్టే పీడనపు కొట్టుకోలు ఒక సన్న చిల్లు గుండా వచ్చి ఆ పొరను ఆడిస్తే, అది ట్యాంకు నుంచి పెట్రోలు తోడుతుంది. వేరే పంపు అక్కర్లేదు. ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేసే యంత్రభాగాన్ని నేను మరొకటి చూడలేదు.

తొలకరికి మొరాయించిన మిషన్ సంగతి ఇప్పుడు తేలిక. కొత్త డయాఫ్రమ్‌ను గోటితో నొక్కితే చప్పుడు లేకుండా ఒదుగుతుంది. పాత పెట్రోలులో నాని, ఎండి, గట్టిపడినదాన్ని నొక్కితే చిటపటమంటుంది. గట్టి పొర మీటను సరిగా నొక్కదు, సూది ఆలస్యంగా లేస్తుంది, పెట్రోలు చాలదు. చోక్ వేస్తే గాలి తగ్గి, పీల్పు పెరిగి, ఉన్న పెట్రోలుకు పాళ్లు కుదురుతాయి; అందుకే సగం చోక్‌తో నడుస్తుంది. దీనికి మందు కొత్త డయాఫ్రమ్, గాస్కెట్ల కిట్టు. స్క్రూ కాదు.

అది బాగానే ఉంటే గాలి ఫిల్టరు చూడాలి. దుమ్ము పట్టిన ఫిల్టరు మిశ్రమాన్ని చిక్కన చేస్తుంది. ఆ స్థితిలో ట్యూనింగ్ చేసి తర్వాత ఫిల్టరు కడిగితే ఇంజిన్ పలచనైపోతుంది. సైలెన్సర్‌లో నిప్పురవ్వలను ఆపే జాలీ ఉన్న మోడళ్లలో ఆ జాలీ మసితో మూసుకుని ఉండవచ్చు. ట్యాంకులోని పెట్రోలు గొట్టం, ప్రైమర్ బుడగ వంచి చూస్తే సన్న పగుళ్లు బయటపడతాయి. కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్యనున్న గాస్కెట్, క్రాంక్ సీళ్లు దొంగగాలి పీలిస్తే మాత్రం వ్యవహారం ముదురుతుంది. రేజు వదిలినా చుట్లు వెంటనే దిగిరావు, ఐడ్లింగ్ ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువగా ఊగుతుంది. అలాంటి మిషన్‌ను స్క్రూతో సరిదిద్దడం పగులును కప్పిపెట్టడమే. పగులు పెరిగిన రోజున కప్పిన ఇంజిన్ పట్టేస్తుంది.

ఇవన్నీ సరిచూసి, కొత్త పెట్రోలులో కంపెనీ చెప్పిన పాళ్లలో టూ-టీ ఆయిల్ కలిపి పోశాక స్క్రూ డ్రైవర్ తీయవచ్చు. 25కు 1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20. మంచిదే కదా అని ఆయిల్ ఎక్కువ పోయడం వల్ల మేలు లేదు. ఆ మేరకు చిల్లు గుండా వెళ్లే పెట్రోలు తగ్గి, మిశ్రమం కాస్త పలచనే అవుతుంది.

సాధారణంగా మూడు స్క్రూలు ఉంటాయి: ఎల్, హెచ్, టి. ఎల్ తక్కువ చుట్లప్పుడు, హెచ్ ఫుల్ రేజులో పెట్రోలు చూస్తాయి. టి పెట్రోలు జోలికి పోదు, రేజు వదిలినప్పుడు థ్రాటిల్ ఎంత తెరిచి ఉండాలో ఆపుతుంది, అంతే. తిప్పే ముందు ఎల్, హెచ్‌లను ఒక్కొక్కటిగా బిగిస్తూ ఎన్ని చుట్లకు ఆగాయో కాగితం మీద రాసుకోవాలి. తప్పు జరిగితే వెనక్కి రావడానికి దారి అదొక్కటే. వేలి బలంతోనే బిగించాలి. గట్టిగా నొక్కితే మొన వెళ్లి కూర్చునే చోటు గీరుకుపోయి కార్బొరేటరే మార్చాల్సి వస్తుంది. కంపెనీ పుస్తకం లేకపోతే రెండింటినీ ఒకటి నుంచి ఒకటిన్నర చుట్టు వదులు చేసి మొదలుపెట్టడం వాడుక. మిషన్‌ను ఆరుబయటే నడపాలి, ఎందుకంటే చిక్కని మిశ్రమం కాలిన పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. గార్డు, కళ్లద్దాలు తప్పనిసరి, కోసే తల నేలకూ మనుషులకూ దూరంగా ఉండాలి.

ఇంజిన్ బాగా వేడెక్కాక ఎల్‌ను మెల్లగా బిగిస్తూ పోతే చుట్లు పెరుగుతాయి, ఒక చోట శిఖరం చేరి మళ్లీ తగ్గుతాయి. ఆ శిఖరం కనిపెట్టి, అక్కణ్నుంచి ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు వదులు చెయ్యాలి. ఇప్పుడు రేజు ఒక్కసారి నొక్కితే తడబడకుండా లేవాలి. మూలిగితే ఇంకాస్త వదులు. పొగ కక్కుతూ బరువుగా లేస్తే ఇంకాస్త బిగింపు. తర్వాత టి. రేజు వదిలినప్పుడు కోసే తల పూర్తిగా ఆగాలి. చాలా మిషన్లు 3,000 చుట్ల దగ్గర ఐడ్లింగ్ చేస్తాయి, క్లచ్ అంతకన్నా పైన పట్టుకుంటుంది. రేజు వదిలాక కూడా తల తిరుగుతూ ఉన్న మిషన్‌తో తోటలోకి వెళ్లకూడదు.

అసలు కథ హెచ్ దగ్గర ఉంది. ఫుల్ రేజులో హెచ్‌ను వదులు చేస్తే శబ్దం మారుతుంది: సాఫీగా సాగే కూత పోయి గరగర, తడబాటు మొదలవుతాయి. టూ స్ట్రోక్ ఇంజిన్ ప్రతి చుట్టుకూ పాత పొగను పూర్తిగా బయటికి నెట్టలేదు, కొంత మిగిలిపోతుంది. ఆ పొగకు చిక్కని మిశ్రమం తోడైతే ఒక చుట్టు అంటుకోదు. అంటుకోని ఆ చుట్టులో కొత్త పొగ పుట్టదు కాబట్టి, తర్వాతి చుట్టుకు సిలిండర్ శుభ్రంగా ఉంటుంది, అంటుకుంటుంది. ఇలా చుట్టు విడిచి చుట్టు పేలడంతో ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ శబ్దం వస్తుంది. మెకానిక్‌లు దాన్ని ఫోర్ స్ట్రోకింగ్ అంటారు. ఆ గరగర వినిపించేదాకా వదులు చేసి, అది పోయీపోనట్టు ఉండే హద్దు దాకా మాత్రమే బిగించాలి. నైలాన్ దారం కట్టిన తలతోనే చెయ్యాలి. ఒక్కసారికి కొన్ని సెకన్లకు మించి ఫుల్ రేజులో ఉంచకూడదు. అనుభవం ఉన్న మెకానిక్ చెవి మీద నాకు గౌరవం ఉంది, అయినా ప్లగ్గు వైరు దగ్గర పెడితే చుట్లు చూపించే చిన్న టాకోమీటరు దగ్గరుంటే కంపెనీ చెప్పిన గరిష్ఠ పరిమితి దాటకుండా చూసుకోవచ్చు.

దారం పొడవు సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ దారం తల ఆలోచన అమెరికాలోని హ్యూస్టన్‌లో జార్జ్ బాలస్ అనే వ్యాపారికి 1971లో వచ్చింది. కార్లు కడిగే చోట తిరిగే బ్రష్‌ల పోగులు వేగానికి నిటారుగా సాగడం చూసి, ఇంటికెళ్లి ఒక రేకు డబ్బాకు చిల్లులు చేసి, చేపల వేట దారం కట్టి, గట్టు కోసే మిషన్‌కు తగిలించాడు. తల నిమిషానికి 7,000 చుట్లు తిరిగితే 20 సెంటీమీటర్ల దారం కొస గంటకు 500 కిలోమీటర్లకు పైగా పోతుంది. ఆ వేగంలో గాలే పెద్ద బరువు. చుట్లు మారకపోతే దారం పొడవు పది శాతం పెరిగినప్పుడు దాన్ని తిప్పడానికి కావలసిన బలం దాదాపు 45 శాతం పెరుగుతుంది, ఎందుకంటే బలం పొడవుకు నాలుగో ఘాతం లెక్కన పోతుంది. గార్డు మీద చిన్న బ్లేడు ఉండేది దారాన్ని సరైన పొడవుకు తెంచడానికే. అడ్డమని గార్డు పీకేసి పొడుగు దారంతో ట్యూనింగ్ చేస్తే ఇంజిన్ చుట్లు అందుకోదు. అందడం లేదని హెచ్‌ను బిగిస్తారు. మిశ్రమం పలచనవుతుంది. తప్పు ఒక చోట, దెబ్బ ఇంకో చోట.

ఇక గాలి, పెట్రోలు. స్క్రూ కదలకపోయినా ఈ రెండూ పాళ్లను మారుస్తాయి. గాలి సాంద్రత పది శాతం తగ్గితే లోపలికి వెళ్లే గాలి బరువు పది శాతం తగ్గుతుంది, పెట్రోలు మాత్రం ఐదు శాతమే తగ్గుతుంది. పెట్రోలు ప్రవాహం పీడనభేదానికి వర్గమూలం లెక్కన నడవడమే దీనికి కారణం. అందువల్ల విశాఖ తీరంలో సరిచేసిన మిషన్ 900 మీటర్ల ఎత్తున్న అరకులో కొంచెం చిక్కనవుతుంది, నష్టం లేదు. తిరగేసి చూస్తేనే భయం. ఆదిలాబాద్‌లో మే నెల 45 డిగ్రీల ఎండలో హద్దు దాకా బిగించిన మిషన్‌ను డిసెంబరు తెల్లవారుజామున 10 డిగ్రీల చలిలో నడిపితే, గాలి 12 శాతం చిక్కబడి, మిశ్రమం ఆరు శాతం దాకా పలచనవుతుంది.

దీనికి ఇథనాల్ తోడవుతుంది. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే, కిలో కాలడానికి 9 కిలోల గాలి చాలు. అంటే ఈ పెట్రోలుకు సరిపడే పాళ్లు 14.7 కాదు, 13.5. పది శాతం ఇథనాల్ రోజుల్లో 14.1 లెక్కన సరిచేసిన స్క్రూ ఇప్పుడు నాలుగు శాతానికి పైగా పలచన మిశ్రమం ఇస్తుంది. చలి ఆరు, ఇది నాలుగు, కలిస్తే పది. చాలా కంపెనీలు తమ చిన్న ఇంజిన్లలో ఇథనాల్ పది శాతం మించకూడదని పుస్తకాల్లో రాస్తున్నాయి కూడా. రైతుకు వేరే పెట్రోలు దొరకదు కాబట్టి హెచ్‌ను కొద్దిగా వదులు చేసుకోవడం, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పక్కన పెట్టడం తప్పనిసరి. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, డయాఫ్రమ్ రబ్బరును పాడుచేస్తుంది.

అన్ని కార్బొరేటర్లూ ఇలా తిప్పనివ్వవు. అమెరికాలో 1990లలో చిన్న ఇంజిన్లకు కాలుష్య నియమాలు వచ్చాక స్క్రూల మీద ప్లాస్టిక్ టోపీలు వచ్చాయి. స్క్రూ కొంత మేరకే తిరుగుతుంది, కొన్నింటి తలకు మామూలు స్క్రూ డ్రైవర్ పట్టదు. మామూలు టూ స్ట్రోక్‌లో పెట్రోలులో పావు వంతు దాకా కాలకుండానే బయటికి పోతుంది కాబట్టి ఆ నియమాలకు అర్థం ఉంది. కాలిఫోర్నియా 2021లో చట్టం చేసి, 2024 నుంచి ఇలాంటి కొత్త ఇంజిన్ల అమ్మకాన్నే ఆపే దారి పట్టింది. టోపీ ఉన్న మిషన్ మీ చేతికి వస్తే, దాన్ని పీకే ముందు ఫిల్టరు, గొట్టం, డయాఫ్రమ్ మరోసారి చూడండి.

ట్యూనింగ్ సరిపోయిందో లేదో తేల్చేది గడ్డి. ఒత్తుగా ఉన్న చోట తల దించి కోస్తున్నప్పుడు శబ్దం సాఫీగా, గట్టిగా ఉండాలి. తల పైకెత్తి బరువు పోగానే సన్నని గరగర వినిపించాలి. ఎత్తినా సాఫీగానే ఉంటే హెచ్‌ను ఎనిమిదో వంతు చుట్టు వదులు చేసి మళ్లీ కోయండి. ట్యాంకు సగం అయ్యేదాకా పని చేసి, ఫుల్ రేజులో ఉండగానే స్విచ్ ఆపి, ఇంజిన్ చల్లారాక ప్లగ్గు విప్పి చూడండి. పింగాణీ తెల్లబారి ఉంటే పలచన, నల్లగా తడిగా ఉంటే చిక్కన, లేత గోధుమ రంగులో ఉంటే స్క్రూని అక్కడే వదిలేసి, ఎన్ని చుట్ల దగ్గరుందో తేదీతో సహా ఫిల్టరు మూత లోపల రాసిపెట్టండి.